నాడీశాస్త్ర పఠనము: తేలును, కట్లపామును

మన పాఠశాలయందు జీవశాస్త్రముపట్ల అభిరుచి గల పిల్లలను "నీవు ముందు ఏమి చదువగోరుచున్నావు?" అని ప్రశ్నించినచో, పదిమందిలో తొమ్మండుగురు వైద్యమని చెప్పుదురు. పదియవవాడు సిగ్గుచే ఊరకుండును. వాని కోరికయు అదియే. వైద్యకళాశాలలయందు స్థలము కొలదిమందికే దొరకును. దొరకనివారు తాము చదివిన జీవశాస్త్రమంతయు వ్యర్థమైనదని నిరుత్సాహపడి, దానిని విడిచి వేరు దారి పట్టుచున్నారు. చాలకాలముగ ఇది మాకు విచారము కలిగించుచున్న విషయము. జీవశాస్త్రము వైద్యమునకు మెట్టు మాత్రమే కాదు. తనంతట తానొక మహాశాస్త్రము. దాని శాఖలలో నాడీజీవశాస్త్రము అను నొకదానిని గూర్చి ఇచ్చట కొంత వ్రాయదలచితిమి. ఇది పెద్ద విశ్వవిద్యాలయములలో నేర్పబడు విద్యయే గాని, దీనికి సంబంధించిన ప్రాణులు మన గడ్డివాముల క్రిందను, మినుముచేల గట్లమీదను తిరుగుచున్నవి. ఆ సంగతి తెలిసినచో చల్లపల్లి పిల్లవానికి ఈ శాస్త్రము పరదేశపు వస్తువుగ తోచదు.

ముందుగ ఒక మాటను సరిచూచుకొందము. మన వాడుకయందు "నరము" అను పదము మూడు నాలుగు వస్తువులకు చెల్లుచున్నది. ముంజేతి నరములు ఉబ్బినవి అన్నప్పుడు అవి రక్తమును మోయు సిరలు. మెడ నరము పట్టినది అన్నప్పుడు అది కండరమో, కండరమును ఎముకకు కట్టు బందో అయియుండును. వైద్యుడు నాడి చూచునప్పుడు ఆయన వ్రేళ్లక్రింద కొట్టుకొనునది ధమని. నాడీశాస్త్రజ్ఞులు నాడి యనునది వీనిలో నేదియు గాదు. అది సన్నని తెల్లని తంతువుల కట్ట. దానిలో రక్తము పారదు. అది దేనిని లాగదు, ముడుచుకొనదు. వార్తను మోయుటయే దాని పని. మెదడునుండి వెన్నెముక లోపలి కాలువవెంట దిగు త్రాటినుండి ఈ నాడులు జంటలు జంటలుగ వెలువడి దేహమంతట వ్యాపించును. ఆ త్రాటికి మనవారు వెన్నుపాము అని పేరిడిరి. చూచి పెట్టిన పేరువలె నున్నది.

ఇటుకలచే గోడవలె నాడీమండలము నాడీకణములచే నిర్మితము. మానవుని మెదడునందు ఇట్టి కణములు సుమారు 8,600 కోట్లు కలవని 2009లో బ్రెజిల్ దేశపు శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఈ సంఖ్యను విని భయపడనక్కరలేదు. నేలయందు నివసించు ఒక సన్నని చిన్నపురుగునకు ఉన్నవి కేవలము 302. ఆ మూడువందల రెండు కణములు ఒకదానితో నొకటి ఎట్లు కూడియున్నవో చూపు పూర్తి పటము 1986లో వెలువడినది. పండ్లపై మూగు చిన్నయీగ మెదడునందు ఇంచుమించు 1,39,000 కణములు గలవు. దాని పటము 2024లో పూర్తియైనది. పెద్ద మెదడును తెలిసికొనదలచినవారు చిన్న ప్రాణులయొద్దకు ఎందులకు పోవుదురో దీనివలన గ్రహింపవచ్చును.

నాడి వార్తను ఎంత వేగముగ మోయును? 19వ శతాబ్దపు తొలిభాగమున గొప్ప విద్వాంసులే అది కొలువరానంత వేగమని తలచిరి. 1850లో హెల్మ్‌హోల్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కప్పకాలి నాడిని తీసికొని, కండరమునకు దూరమున ఒకసారియు, దగ్గర ఒకసారియు విద్యుత్తుతో తాకి, కండరము ముడుచుకొనుటకు పట్టిన కాలములలోని భేదమును కొలిచెను. వేగము సెకనుకు సుమారు 27 మీటర్లు మాత్రమే! మెఱుపుతో పోల్చదగినదని యనుకొన్నది తుదకు మంచి రైలుబండి వేగమునకు దిగినది. మానవునియందు లావైన తంతువులు సెకనుకు 100 మీటర్లకు మించిన వేగముతో వార్తను పంపును. అతి సన్ననివి ఒక మీటరు చొప్పున మాత్రమే నడచును. తేలు కుట్టినవానిని అడిగిచూడుడు. మొదట చురుక్కుమనునది ఒకటి, వెనుకనుండి మెల్లగ వచ్చి మండునది మఱియొకటి అని చెప్పును. ఆ రెండును రెండు వేగముల తంతువులవెంట వచ్చిన రెండు వార్తలు.

ఇట్లు నడచు వార్త తీగలోని విద్యుత్తువంటిది గాదు. టపాకాయ వత్తివెంట నిప్పు ప్రాకునట్లు, తంతువుయొక్క పొరలో ఒక భాగము తన ప్రక్క భాగమును రేపుచు పోవును. పొరయందలి సూక్ష్మద్వారములు తెఱచుకొని ఉప్పులోని సోడియము లోనికి దూకుటయే ఆ నిప్పు. వత్తి ఒకసారి కాలిన బూడిద. తంతువు మాత్రము సెకనులో వెయ్యవవంతు కొలది కాలములో మరల సిద్ధమగును. సముద్రపు స్క్విడ్ అను ప్రాణియొక్క బృహత్తంతువునందు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అను నాంగ్లేయులు ఈ వ్యవహారమును గణితముతో సహా 1952లో నిరూపించిరి. వారికి 1963లో నోబెల్ బహుమానము లభించినది. "గణితముతో సహా" అను మాటను విద్యార్థులు గుర్తుంచుకొందురు గాక. దానిని గూర్చి మరల చెప్పుదుము.

తంతువు చివరకు వచ్చిన వార్త కండరమును చేరవలెనన్నచో నడుమ ఒక సన్నని సందు కలదు. ఆ సందును విద్యుత్తు దూకునా, లేక మఱియొకటి దాటునా అని పెద్ద వివాదము నడచినది. ఆస్ట్రియాలోని గ్రాట్జ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన ఆటో లోవీ 1921లో ఒక కప్ప గుండెయొక్క నాడిని రేపి దాని వేగమును తగ్గించి, ఆ గుండెను తడిపిన ద్రవమును తీసి మఱియొక గుండెపై పోసెను. నాడి తాకకయే రెండవ గుండెయు నెమ్మదించెను. అనగా నాడి చివరనుండి ఏదో పదార్థము స్రవించుచున్నది! దానిపేరు ఎసిటైల్ కోలీన్. మన చేతులను కాళ్లను కదల్చు నాడుల చివరలనుండి స్రవించునదియు అదియే. అవతలి ఒడ్డున కండరముపై దానిని అందుకొను గ్రాహకములు కలవు. పని ముగిసినవెంటనే దానిని ముక్కలు చేయుటకు కోలీనెస్టరేజ్ అను కిణ్వము కాచుకొనియుండును. పంపువాడు, అందుకొనువాడు, తుడుచువాడు: ఈ మువ్వురిని గుర్తుంచుకొనుడు. ఇకమీద చెప్పబోవునదంతయు వీరి కథయే.

ఇప్పుడు తిరుపతికి పోవుదము. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో అచ్చట స్థాపింపబడినది. సరిగా ఆ సంవత్సరముననే అమెరికాలో ఒక శాస్త్రపత్రికయందు వెలువడిన వ్యాసముపై రెండు పేర్లున్నవి: కె. పంపాపతిరావు, టి. హెచ్. బుల్లక్. శీతోష్ణములు ప్రాణుల శరీరక్రియల వేగమును ఎట్లు మార్చునో ఆ వ్యాసము విచారించినది. బుల్లక్ గారు లాస్ ఏంజిలీసునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో ఆచార్యులు. అది అమెరికాలోని పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో నొకటి. ఆయన 1915లో చైనాదేశపు నాన్‌కింగు నగరమున మిషనరీ దంపతులకు జన్మించినవారు. వెన్నెముక లేని ప్రాణుల నాడీమండలమును గూర్చి హారిడ్జ్ గారితో కలిసి ఆయన 1965లో ప్రకటించిన రెండు సంపుటములు ఆ విషయమున నేటికిని మూలగ్రంథములుగ చెల్లుచున్నవి.

పంపాపతిరావుగారు అచ్చట ఆల్చిప్పజాతి ప్రాణులపై పరిశోధన సలిపిరి. సముద్రపు పోటుపాటులను అనుసరించి ఈ ప్రాణులు తమలోనికి నీటిని లాగికొను వేగము హెచ్చుచు తగ్గుచు నుండును. పోటుపాటులు లేని తొట్టిలో ఉంచినను ఆ లయ కొంతకాలము నిలుచును. ఒక తీరమునుండి మఱియొక తీరమునకు మార్చినచో ఆ లయ మారగలదు. మచిలీపట్నము రేవున పడవలవారు పోటువేళలను నోటిలెక్కతో చెప్పుటను మనము ఎరుగుదుము. బుద్ధిలేని ఆల్చిప్పయు ఆ లెక్కను తన లోపల ఉంచుకొన్నదన్నమాట.

ఆయన తరువాత తిరుపతి విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర శాఖయందు నాడీశాస్త్రమునకు పునాది వేసిరి. కాలిఫోర్నియాలో సముద్రము ప్రక్కనే యున్నది. తిరుపతిలో కొండలును రాళ్లును ఉన్నవి. స్క్విడ్‌కొరకు ఏడ్చుచు కూర్చుండక, అచ్చటి రాళ్లక్రింద దొరకు పెద్ద నల్లతేలును పరిశోధనకు ఎన్నుకొనిరి. మనము మండ్రగబ్బ అనునది ఈ కుటుంబములోనిదే. శాస్త్రవ్యాసములలో దానిపేరు హెటెరోమెట్రస్ ఫుల్విపెస్. ఈ ఎన్నికను మేము మిక్కిలి మెచ్చుకొందుము. లేని పరికరములను, రాని ప్రాణులను తలచుకొని నిట్టూర్చు శాఖలు మన దేశమున చాల గలవు. తేలునకు వెల లేదు. నెలల తరబడి తిండి లేకున్నను బ్రతుకును. అన్నిటికంటె ముఖ్యముగ, దాని నాడీమండలము పరిశోధకునికి అనుకూలమైన రీతిలో పరచియున్నది. తలభాగమున మెదడును, దానిక్రింద పెక్కు ముడులు కలిసిపోయిన ముద్దయు ఉండును. అచ్చటినుండి ఒక జంటత్రాడు, మనకువలె వీపువైపున గాక, కడుపు అడుగుగ తోకలోనికి పోవును. ఆ త్రాటిపై వేర్వేరుగ ఏడు నాడీముడులు గలవు. (తోక అని మనము అనుచున్నాము గాని అది నిజముగ సన్నబడిన ఉదరమే, దాని ప్రేగు కొండెముదాకా పోయి అచ్చటనే ముగియును.)

పరిశోధన ఎట్లు సాగునో విద్యార్థులు ఊహించుకొనవచ్చును. ప్రాణిరసమునకు సమానమైన ఉప్పునీటిలో ఆ త్రాటిని తడిగా ఉంచి, రెండు సన్నని వెండితీగలపై దానిని మెల్లగ ఎత్తుదురు. తంతువులలో నడచు విద్యుత్ చలనము వోల్టులో వేలవంతు లెక్కనో, అంతకంటె తక్కువగనో యుండును. దానిని యంత్రముచే వేలరెట్లు పెంచి ఆసిలోస్కోపు అను పరికరపు గాజుతెరపై పచ్చని గీతగ చూతురు. ధ్వనియంత్రమునకు కలిపినచో పెనముపై పేలాలు వేగినట్లు చిటపటలు వినవచ్చును. తేలు కాలిమీది ఒక్క రోమమును వెండ్రుకతో తాకినంతనే ఆ చిటపటలు గుంపుగ లేచును. ఈ రోమములనుండి వచ్చు తంతువులు త్రాటిలో ఏ దారిన పోవునో, ఒక ప్రక్క తాకిన వార్త రెండవ ప్రక్కను ఎట్లు రేపునో పి. సంజీవరెడ్డిగారును పంపాపతిరావుగారును 1970లో ఇంగ్లండు పత్రికయందు ప్రకటించిరి. కె. శశిరబాబుగారు తేళ్లు, సాలెపురుగులు మొదలగువాని నాడీమండల నిర్మాణముపై 1965లో జర్మనీనుండి వెలువరించిన వ్యాసము 154 పుటలు గలది. ఇరువది సంవత్సరముల పిమ్మట, 1985లో, ఐరోపాలో ఆ శాస్త్రముపై గ్రంథము సంకలనము చేసినవారు ఆ నిర్మాణమును గూర్చి ఒక ప్రకరణమును ఆయనచేతనే వ్రాయించిరి.

తేలు రాత్రించరము. పగలు రాతిక్రింద పడియుండి చీకటి పడగానే బయలుదేరును. వెలుతురే దానిని అడ్డుచున్నదా, లేక లోపల గడియారమేదైన కలదా? ఆల్చిప్పలో లయను చూచినవారికి ఈ ప్రశ్న తోచుట సహజము. తేలు నాడీత్రాటిలోని విద్యుత్ చలనమే రేయింబవళ్ల గడియలను అనుసరించి హెచ్చుతగ్గులు పొందుచున్నట్లు తిరుపతివారు కనుగొనిరి. 1968లో ఎస్. ఎ. టి. వేంకటాచారిగారును పి. మురళీకృష్ణదాసుగారును మఱియొక అడుగు వేసి, ఆ త్రాటిలోని కోలీనెస్టరేజ్ కిణ్వపు పనియు దినలయను అనుసరించునని చూపిరి. పైన చెప్పిన మువ్వురిలో తుడుచువాడు ఇతడే.

ఈ తుడుచువానిని గూర్చి మన ప్రాంతమున ప్రత్యేకముగ చెప్పవలసినది యున్నది. వరికిని, కూరగాయలకును చల్లు పురుగుమందులలో ఆర్గనోఫాస్ఫేటు జాతివి ఈ కిణ్వమునే బంధించును. పురుగు నాడులలో ఎసిటైల్ కోలీన్ తుడువబడక పేరుకొని, కండరములు ఎడతెగక రేగి, పురుగు చచ్చును. గాలికెదురుగ నిలిచి, ముక్కునకు గుడ్డయైన కట్టక మందు కొట్టు కూలివానికిని జరుగునది అదియే: కంటిపాప చిన్నదగుట, చొంగ, చెమట, కండరముల అదురు, ఊపిరి అందకుండుట. వైద్యులు అట్రోపిన్ ఇచ్చునది ఆ పేరుకొన్న ఎసిటైల్ కోలీన్‌కు అడ్డుగా. తిరుపతిలో తేలునందు కొలిచిన కిణ్వమును, దివిసీమ పొలములలో మనుష్యులను పడవేయుచున్న కిణ్వమును ఒక్కటే.

తేలు విషము వేరొక చోట పనిచేయును. మండ్రగబ్బ ఆకారమున భయంకరమేగాని దాని విషము అంత ప్రాణాంతకము గాదు. చిన్నదైన ఎఱ్ఱతేలే అధిక ప్రమాదకరము. దాని విషము నాడీపొరలోని సూక్ష్మద్వారములకు అంటుకొని వానిని మూయనీయదు. అందుచే గుండెను రక్తనాళములను ఏలు నాడులు విచ్చలవిడిగ రేగి, నాళములు బిగిసి, గుండె అలసి, ఊపిరితిత్తులలో నీరు చేరును. మహారాష్ట్రలోని మహాడ్ అను చిన్న పట్టణమున వైద్యము చేయు హిమ్మత్‌రావు బావస్కర్‌గారు, రోగుల ప్రక్కన కూర్చుండి ఈ క్రమమును కనిపెట్టి, రక్తనాళముల బిగువును సడలించు ప్రజోసిన్ అను చవుకమాత్రను వాడి చూచి, 1986లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. అంతకుముందు అనేకులు చనిపోవుచుండిన చోట మరణములు బహుగ తగ్గినవి. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

ఇక కట్లపాము. ఇందు మన భాషకు ఒక విచిత్రమైన గౌరవము కలిగినది. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు విశాఖపట్టణమున నివసించి, కోరమాండలు తీరపు పాములను సేకరించి, 1796లో లండనునందు పెద్దగ్రంథము ప్రకటించెను. పచ్చని నల్లని పట్టీలు గల పాముకు ఇచ్చటివారు చెప్పిన పేరును ఆయన విన్నది విన్నట్లు బంగారం పాము అని వ్రాసికొనెను. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ ఆ మాటనే లాటిను చేసి, ఈ జాతికంతకు బుంగారస్ అని నామకరణము చేసెను. మన కట్లపామును ఆ జాతిలోనిదే. 1963లో తైపే నగరమందలి జాతీయ తైవాన్ విశ్వవిద్యాలయమున (ఇదియు పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయమే) చాంగ్, లీ అను పరిశోధకులు అచ్చటి కట్లపాము విషమునుండి వేరుచేసిన పదార్థములకు బుంగారోటాక్సిన్ అని పేరువచ్చినది. నేడు లోకమున ఏ విశ్వవిద్యాలయమున నాడీశాస్త్రము చదువువాడైనను, ఆ మాటను పలుకక పట్టము పొందజాలడు. పలుకువారిలో తాము తెలుగుమాటను పలుకుచున్నామని యెరిగినవారు మాత్రము మిక్కిలి అరుదు.

బుంగారోటాక్సిన్‌లలో ముఖ్యమైనవి రెండు విధములు. ఆల్ఫా అనునది అందుకొనువానిని పట్టుకొనును. కండరముపై గ్రాహకములకు అతుక్కొని ఎసిటైల్ కోలీన్‌కు చోటులేకుండ చేయును. అది ఎంత గట్టిగ అతుక్కొనునన, దానినే గాలముగ వాడి 1970లో పారిస్ శాస్త్రజ్ఞులు విద్యుత్ చేప శరీరమునుండి ఆ గ్రాహకమును బయటికి లాగగలిగిరి. 1973లో అమెరికా వైద్యులు అదే గాలముతో, కనురెప్పలు వాలిపోవు మయస్థీనియా అను వ్యాధిలో గ్రాహకములు తగ్గియుండునని కనుగొనిరి. బీటా అనునది పంపువానినే నాశనము చేయును; నాడి చివరలను పాడుచేయును.

ఈ భేదము పుస్తకములోని భేదము గాదు. నాగుపాము విషము ముఖ్యముగ అందుకొనువానిని అడ్డును. కావున విషహరముతో పాటు, ఎసిటైల్ కోలీన్‌ను నిలుపు నియోస్టిగ్మిన్ మందువలన మేలు కలుగవచ్చును. కట్లపాము కాటున పంపువాడే చెడియుండును. చెడిన చివర మరల మొలకెత్తవలెను. దానికి దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. అంతవరకు రోగికి ఊపిరి యంత్రముతో పోయవలెను. పోసినచో అతడు సంపూర్ణముగ కోలుకొనును.

కట్లపాము తరచు రాత్రివేళ, నేలపై నిద్రించువారిని కఱచును. కాటు చీమ కుట్టినట్లుండును. ఒక్కొక్కప్పుడు గుర్తును కానరాదు. తెల్లవారుజామున కడుపునొప్పి యనును, రెప్పలు వాలును, మింగుడుపడదు, మాట ముద్దగ వచ్చును. ఇంటివారు అజీర్ణమనుకొందురు, లేక గాలి సోకినదని మంత్రగానియొద్దకు తీసికొనిపోవుదురు. చివరకు అన్ని కండరములును చచ్చుపడి, కన్ను తెఱవలేక, వ్రేలు కదపలేక రోగి పడియుండును. అయినను విషము మెదడులోనికి పోలేదు. అతనికి తెలివియున్నది, ప్రక్కవారి మాటలు వినబడుచునే యుండును! అట్టివానిని పోయినాడని తలచి ఏడ్చుట ఎంత ఘోరము! భారతదేశమున 2000 మొదలు 2019 వరకు ఏటేట సగటున 58,000 మంది పాముకాటువలన మరణించిరని 2020లో వెలువడిన గణన తెలుపుచున్నది. అందు హెచ్చుమంది పల్లెలవారు, ఆసుపత్రి చేరనివారు.

వరికోతల కాలమునను, వరదనీరు పొలములపైకి వచ్చు శ్రావణ భాద్రపదములలోను దివిసీమలో ఈ భయము ప్రతి ఇంటను కలదు. కాటును కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు. ఆ అవయవమును బద్దతో కదలకుండ కట్టి, రోగిని నడువనీయక, 108 బండిని పిలిచి ప్రభుత్వాసుపత్రికి చేర్చవలెను. మంత్రము వేయించి పిదప పోవుదమనువారికి మేము చెప్పునది ఇది: మంత్రము పనిచేసినదని తోచిన కాటులన్నియు విషము దిగని కాటులు. పాము కఱచిన ప్రతిసారియు విషము దిగదు. దిగిన కాటున పోయిన గంట తిరిగి రాదు.

ఈ విద్యను అభ్యసింపగోరువారు ఏమి చేయవలెను? ఇంటరులో జీవశాస్త్రము, పిదప జంతుశాస్త్రముతో గాని, జీవరసాయనముతో గాని బి.యస్‌సి. చేయవచ్చును. మచిలీపట్నమున నోబుల్ కళాశాలయు, 2008లో స్థాపింపబడిన కృష్ణా విశ్వవిద్యాలయమును మనకు దాపుననే యున్నవి. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయమున నాడీశాస్త్రమునకును మనోవ్యాపార శాస్త్రమునకును కలిపి ప్రత్యేక కేంద్రమును, యం.యస్‌సి. తరగతియు గలవు. ప్రవేశము అఖిల భారత పరీక్షవలన. బెంగుళూరున నిమ్‌హాన్స్ సంస్థ కలదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయమున రుసుము తక్కువ, గ్రంథాలయము పెద్దది. అయితే అచ్చట చేయిపట్టి నడిపించువారుండరు. తరగతిలో వెనుక కూర్చున్నవాడు వెనుకనే యుండిపోవును. సందేహము కలిగినప్పుడు ఆచార్యుని గది తలుపు తానే తట్టవలెను. మన పిల్లలకు వినయము కలదు గాని ఈ అలవాటు తక్కువ.

పైన గణితమును గూర్చి మరల చెప్పుదుమంటిమి. లెక్కలకు భయపడి జీవశాస్త్రము తీసికొను పిల్లలు మన తరగతులలో ఏటేట కనబడుచున్నారు. నాడీశాస్త్రమున వారికి దాగుచోటు లేదు. ఓము సూత్రము రానివానికి తంతువు పొర అర్థము గాదు. గుణశ్రేఢి, ఘాతములు రానివానికి విద్యుత్ చలనము అర్థము గాదు. ఎవరికైన గణితము మీద కోపమున్నచో తొమ్మిదవ తరగతిలోనే రాజీపడుట మేలు. ఆంగ్లము విషయమై అంత దిగులు వలదు. ఆ శాస్త్రములోని పేర్లు ఆంగ్లేయులకును క్రొత్తవే.

జంతువులను కోయుటకు మనసొప్పని పిల్లలును ఉందురు. వారికొక మాట. విద్యార్థుల తరగతులలో కోతలను తగ్గించుచు రమ్మని విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2011లోనే సూచనలు పంపినది. తేళ్లను పట్టి సీసాలలో వేసి పాఠశాలకు తేవలసిన పని ఎవరికిని లేదు. తెచ్చినవానికి బహుమానమును ఉండదు. నాడిని తెలిసికొనుటకు మన శరీరములే చాలును. ఈ సంవత్సరము పై తరగతులవారు చేయదగిన పరీక్ష నొకటి వ్రాయుచున్నాము.

నలువదిమంది పిల్లలు వలయముగ కూర్చుండి కన్నులు మూసికొనవలెను. మొదటిసారి ప్రతివాడును తన ముందువాని భుజముపై చేయి ఉంచును. తన భుజమును ఎవరైన నొక్కినట్లు తోచినవెంటనే ముందువాని భుజమును నొక్కవలెను. ఉపాధ్యాయుడు ఒకనితో ఆరంభింపజేసి, నొక్కుడు వలయమంతయు తిరిగి వచ్చుటకు పట్టిన కాలమును గడియారముతో కొలుచును. రెండవసారి భుజమునకు మారుగ చీలమండను పట్టుకొందురు. చీలమండ మెదడునకు దూరము. కావున కాలము కొంచెము హెచ్చును. ఆ హెచ్చు ఒక సెకను అనుకొందము. నలువదిమందికి పంచినచో ఒక్కొక్కనికి సెకనులో నలువదియవ భాగము. భుజమునకంటె చీలమండ సుమారు ఒక మీటరు దూరమనుకొన్నచో, నాడి వేగము సెకనుకు 40 మీటర్లని తేలును. పది పర్యాయములు చేసి సగటు తీయవలెను. మొదటి రెండు మూడు పర్యాయములను లెక్కలోనికి తీసికొనరాదు. చీలమండను పట్టగనే చక్కిలిగింత పుట్టి వలయములో సగము నవ్వుటచే కాలము పోవును.